ఫిలడెల్ఫియా జర్మను వలసదారుల లూథరన్ సంఘం: గుంటూరు, రాజమండ్రి మిషన్ల మూలాల గురించి

గుంటూరు_పాతూరు

సభ్యులందరికీ నమస్కారం. ఏటా జూలై 31 రాగానే మా గుంటూరు లూథరన్ సంఘాలలో మిషనరీ ఫాదర్ హయ్యర్ గారిని తలచుకుంటాము. 1842లో ఆ రోజున ఆయన గుంటూరులో అడుగుపెట్టడం, కలెక్టరు హెన్రీ స్టోక్స్ ఆయనను ఆదరించడం, ఆడపిల్లలకు సైతం బడి పెట్టడం, ఇవన్నీ పెద్దల నోట వింటూ పెరిగినవాళ్లమే. అయితే ఆయనను పంపినవారు ఎవరన్న ప్రశ్న వచ్చేసరికి "అమెరికా వారు" అన్న ఒక్క మాటతో సరిపెట్టుకుంటాము. ఆ అమెరికా వారు నిజానికి జర్మనీ నుంచి పొట్ట చేతపట్టుకుని వలస వెళ్లిన రైతులు, నేతగాళ్లు, వడ్రంగులు, కమ్మరులు. వారు తమ కోసం కట్టుకున్న సంఘం వంద సంవత్సరాల తరువాత తెలుగు గడ్డకు ఒక మనిషిని పంపగలిగే స్థితికి ఎలా వచ్చిందో తెలుసుకోకుండా మన సంఘ చరిత్ర పూర్తి కాదని నా నమ్మకం. అందుకే ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

1730ల నాటికి పెన్సిల్వేనియాలో జర్మను లూథరన్లు వేల సంఖ్యలో స్థిరపడ్డారు గాని, వారికి సరైన పాస్టర్లు లేరు. ఫిలడెల్ఫియా, న్యూ హానోవర్, ప్రావిడెన్స్ అనే మూడు చోట్ల ఉన్న సంఘస్థులు ఒక్కటై, 1733లో ముగ్గురు ప్రతినిధులను ఐరోపాకు పంపి, తమకు పాస్టరును, ఆలయాలు కట్టుకోవడానికి సహాయాన్ని ఇవ్వమని అడిగారు. లండన్‌లోని జర్మను రాజాస్థాన పాస్టరు జీగెన్‌హాగెన్, జర్మనీలోని హాలె నగరంలో ఉన్న ఫ్రాంకె సంస్థలు (అనాథాశ్రమం, మిషను కేంద్రం) ఆ విన్నపాన్ని అందుకున్నాయి. ఆ సంప్రదింపులు ఎనిమిది సంవత్సరాలకు పైగా సాగిన తరువాత, హాలెలో 1741 సెప్టెంబరు 6న, సరిగ్గా తన ముప్పయ్యవ పుట్టినరోజున, హెన్రీ మెల్కియర్ మ్యూలెన్‌బర్గ్ అనే యువ పాస్టరుకు ఆ పిలుపు అందింది.

ఆయన 1742 సెప్టెంబరులో దక్షిణ కరోలినాలోని చార్ల్‌స్టన్‌లో దిగి, జార్జియాలో స్థిరపడిన సాల్జ్‌బర్గ్ లూథరన్ వలసదారులను చూసి, నవంబరు 25న ఫిలడెల్ఫియా చేరారు. మరుసటి ఏడాది, 1743లో, ఏప్రిల్ నెలలో ఫిలడెల్ఫియా సెయింట్ మైకేల్స్ చర్చికి, మే నెలలో ప్రావిడెన్స్ చర్చికి పునాది రాళ్లు పడ్డాయి. 1748 ఆగస్టులో సెయింట్ మైకేల్స్ చర్చి ప్రతిష్ఠ జరిగిన సమయంలోనే పాస్టర్లు, సంఘ ప్రతినిధులు సమావేశమై పెన్సిల్వేనియా మినిస్టీరియంను ఏర్పరచుకున్నారు. ఉత్తర అమెరికాలో నిలదొక్కుకున్న మొట్టమొదటి లూథరన్ సంఘాల సమాఖ్య అదే. 1841లో హయ్యర్ గారిని మన దేశానికి పంపినది కూడా అదే మినిస్టీరియం. వివరాలు తెలిసిన మిత్రులు దయచేసి కొనసాగించగలరు.

పల్నాటి_పాఠకుడు

పాతూరు గారూ, మంచి విషయం ఎత్తుకున్నారు. నాకు రెండు సందేహాలు. వేల మంది జనం ఉన్నప్పుడు పాస్టరును తెచ్చుకోవడానికి అంతకాలం ఎందుకు పట్టింది? రెండవది, ఈ వలసదారులు ఎంత పేదవారు? వలస వెళ్లారంటే ఎంతో కొంత స్తోమత ఉన్నవారే అయి ఉండాలి కదా అన్న అభిప్రాయం నాకు మొదటి నుంచీ ఉంది. గురజాల వైపు మా పెద్దలు మాత్రం హయ్యర్ గారు పేదల మధ్య సులువుగా కలిసిపోయారని చెప్పేవారు. ఆ గుణం ఆయన పుట్టి పెరిగిన సమాజం నుంచి వచ్చిందా అన్నది నా ఆసక్తి.

చరిత్ర_విద్యార్థిని

పాఠకుడు గారికి నమస్కారం. రెండవ ప్రశ్నకు ముందుగా జవాబు చెబుతాను, ఎందుకంటే మొదటిదానికి కారణం కూడా అందులోనే ఉంది.

జర్మనీలోని పాలటినేట్, వుర్టెంబర్గ్ ప్రాంతాల పల్లెలు యుద్ధాలతో, పన్నులతో, 1709 నాటి భయంకరమైన చలితో చితికిపోయాయి. విలియం పెన్ తన వలస రాజ్యమైన పెన్సిల్వేనియాలో మత స్వేచ్ఛ ఇస్తానని చేసిన ప్రకటన ఆ పల్లెల వరకూ చేరింది. బయలుదేరినవారిలో చాలామందికి ఓడ ఛార్జీ కట్టే శక్తి లేదు. అటువంటివారిని ఓడ యజమానులు అప్పు మీద ఎక్కించుకుని, ఫిలడెల్ఫియా రేవులో ఆ అప్పు తీర్చగలిగే కొనుగోలుదారు దొరికేదాకా ఓడ దిగనిచ్చేవారు కాదు. పెద్దవాళ్లు సాధారణంగా మూడు నుంచి ఆరు సంవత్సరాలు కొన్నవారి దగ్గర చాకిరీ చేయాలి. పిల్లలైతే ఇరవై ఒక్క ఏళ్లు వచ్చేదాకా చేయాలి. 1750లో ఒక ఆర్గన్ వాద్యాన్ని వెంటబెట్టుకుని వచ్చిన గాట్లీబ్ మిట్టెల్‌బర్గర్ అనే ఉపాధ్యాయుడు ప్రావిడెన్స్ సంఘంలో బడి నడుపుతూ, ఆర్గన్ వాయిస్తూ సుమారు నాలుగేళ్లు ఉండి తిరిగి వెళ్లాక, తాను చూసినదంతా రాశాడు. సముద్రంలో సగం దారి దాటాక భర్త చనిపోతే, భార్య తన ఛార్జీతో పాటు అతని ఛార్జీకి కూడా చాకిరీ చేయవలసి వచ్చేదని, తల్లిదండ్రులు తమ పిల్లలను తామే బేరం పెట్టి వేరు వేరు ఇళ్లకు అప్పగించేవారని, కొందరు మళ్లీ ఒకరినొకరు చూసుకోలేదని ఆయన రాశాడు. ఆ సంఘపు బల్లల మీద ఆదివారం కూర్చున్నవారిలో ఎందరో ఈ దారిన వచ్చినవారే. కనుక స్తోమత గలవారన్న అభిప్రాయం సరికాదని చెప్పక తప్పదు.

1764 డిసెంబరులో, క్రిస్మస్ మరునాడు, ఫిలడెల్ఫియా చెర్రీ వీధిలోని లూథరన్ బడి భవనంలోనే జర్మనులు సమావేశమై, కొత్తగా వచ్చే వలసదారులను ఈ దోపిడీ నుంచి కాపాడడానికి ఒక సొసైటీ పెట్టుకున్నారు. పెన్సిల్వేనియా జర్మన్ సొసైటీ అదే.

ఇక మొదటి ప్రశ్న. ఆలస్యానికి కారణం జీతం. పాస్టరుకు ఇంత జీతం ఇస్తామని ముందుగా రాతపూర్వకంగా హామీ ఇస్తే తప్ప పంపలేమని హాలె వారు అన్నారు. మనిషిని చూడకుండా హామీ ఎలా ఇస్తామని సంఘస్థులు అన్నారు. వెనుక ఎవరెవరో పాస్టర్లమని చెప్పుకుని వచ్చి తమను మోసగించి వెళ్లిన అనుభవం వారికి ఉంది. ఒక్కో ఉత్తరం సముద్రం దాటడానికి నెలలు పట్టే కాలంలో ఈ బేరం ఏళ్ల తరబడి నడిచింది. చివరికి మొరేవియన్ అనే మరో ప్రొటెస్టెంటు సంఘపు నాయకుడు కౌంట్ జిన్జెన్‌డార్ఫ్ స్వయంగా పెన్సిల్వేనియాకు బయలుదేరుతున్న సమయంలోనే హాలె వారు కదిలారు.

స్కూల్‌కిల్_తీరం

నేను ఉద్యోగరీత్యా పెన్సిల్వేనియాలో ఉంటున్నాను. పైన ప్రావిడెన్స్ అని చెప్పిన ఊరిని ఇప్పుడు ట్రాప్ అంటారు. మా ఇంటి నుంచి కారులో దగ్గరే. 1743లో కట్టిన ఆ ఆలయం ఈనాటికీ అలాగే నిలిచి ఉంది. దాని పేరు అగస్టస్ లూథరన్ చర్చి. హాలె సంస్థలను స్థాపించిన ఆగస్ట్ హెర్మన్ ఫ్రాంకె గౌరవార్థం ఆ పేరు పెట్టారు. పెద్దగా మార్పులు లేకుండా నిలిచిన లూథరన్ ఆలయాలలో అమెరికాలో అదే అత్యంత పురాతనమైనదిగా చెబుతారు. 1852లో పక్కనే ఇటుకలతో కొత్త ఆలయం కట్టుకున్నా, పాతదాన్ని కూల్చలేదు.

మొదటిసారి చూసినప్పుడు అది నాకు చర్చిలాగా అనిపించలేదు. గోపురం లేదు, గంట స్తంభం లేదు. రాతి గోడలు, రెండు వాలులుగా విరిగి దిగే పెద్ద పైకప్పు, బలిపీఠం వైపు మూడు పలకలుగా మలిచిన గోడ. జర్మనీ పల్లెల్లో తాము చూసిన ఆలయాన్ని తలచుకుంటూ, పొలం పనులు తెలిసిన చేతులు కట్టిన కట్టడమది. లోపల మేడలాంటి గ్యాలరీ, తలుపులు బిగించిన చెక్క బల్లలు, ఎత్తయిన ప్రసంగ వేదిక, ప్రసంగీకుడి గొంతు వెనుక వరుసల దాకా వినబడేందుకు దాని పైన అమర్చిన చెక్క పందిరి ఉన్నాయి. ఆ బల్లల మీద రంగు లేదు, మెరుగు లేదు. అంచులు మాత్రం తరతరాల చేతుల రాపిడికి నున్నబడ్డాయి.

నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచినది గుమ్మం పైన రాతిలో చెక్కిన లాటిన్ శాసనం. క్రీస్తు నడిపింపులో ఈ మందిరాన్ని పునాది నుంచి హెన్రీ మెల్కియర్ మ్యూలెన్‌బర్గ్ కట్టించాడని చెప్పి, అక్కడితో ఆగకుండా, ఆయనతో పాటు ఆరుగురు సంఘ పెద్దల పేర్లను కూడా చెక్కారు. క్రాస్‌మన్, మార్‌స్టెలర్, హైల్‌మన్, మ్యుల్లర్ మొదలైన వారంతా చుట్టుపక్కల కాపురమున్న సామాన్య గృహస్థులు. ఆలయం వెనుక మ్యూలెన్‌బర్గ్ సమాధి ఉంది. ఆయన ఎవరో, ఎంతటివాడో రాయి లేకపోయినా భావి తరాలకు తెలుస్తుందని దాని మీద రాసి ఉంది. 1787 అక్టోబరు 7న ఆయన ఆ ఊళ్లోనే మరణించారు.

గోదావరి_గట్టు

హాలె పేరు వచ్చింది కాబట్టి ఒక్క సంగతి చేర్చాలి. మనకూ పెన్సిల్వేనియాకూ సంబంధం 1842లో మొదలు కాలేదు. తమిళ తీరంలోని తరంగంబాడికి 1706లో వచ్చిన మిషనరీ జీగెన్‌బాల్గ్ హాలెలో చదివినవాడే. మద్రాసులో పనిచేసి తెలుగు నేర్చుకుని, బైబిలును తెలుగులోకి అనువదించిన బెంజమిన్ షుల్జ్ కూడా హాలె మనిషే. ఆయన 1743లో మద్రాసు విడిచి హాలెకు తిరిగి వెళ్లి, అక్కడ 1746, 1747లలో చిన్న చిన్న తెలుగు పుస్తకాలు అచ్చు వేయించారు. తెలుగు లిపిలో అచ్చయిన మొట్టమొదటి పుస్తకాలుగా సాహిత్య చరిత్రకారులు చెప్పేవి అవే.

అంటే అగస్టస్ చర్చికి పునాది పడిన సంవత్సరంలోనే షుల్జ్ మన తీరం విడిచి వెళ్లారు. పెన్సిల్వేనియా నుంచి మ్యూలెన్‌బర్గ్ రాసే నివేదికలూ, తరంగంబాడి నుంచి వచ్చే నివేదికలూ ఒకే చోటికి చేరేవి. ఆ రెండింటినీ హాలె వారు అచ్చు వేసి, జర్మనీ అంతటా దాతలకు పంపి చందాలు పోగుచేసేవారు. హాలె అనాథాశ్రమపు ఔషధశాలలో తయారైన మందులు ఇటు మన దేశానికీ, అటు పెన్సిల్వేనియాకూ వెళ్లేవి. మ్యూలెన్‌బర్గ్‌ను మొదట మన దేశానికే, బెంగాలుకు, పంపాలని హాలెలో ఆలోచన జరిగి అది కుదరలేదన్న విషయం చాలామందికి తెలియదు. ఆ ఏర్పాటు కుదిరి ఉంటే పెన్సిల్వేనియా సంఘాల కథ మరోలా ఉండేది.

పల్నాటి_పాఠకుడు

మంచి వివరాలు ఇచ్చిన అందరికీ ధన్యవాదాలు. ఇవన్నీ చదివాక నాకు కలిగిన అభిప్రాయం ఇది. చరిత్ర పుస్తకాలన్నీ మ్యూలెన్‌బర్గ్‌ను అమెరికా లూథరన్ సంఘానికి పితామహుడని అంటాయి. కాని 1733లో మనుషులను పంపినది సంఘస్థులు, భూమి సంపాదించినది సంఘస్థులు, రాళ్లు మోసినది సంఘస్థులు. పాస్టరు వచ్చింది తొమ్మిదేళ్ల తరువాత. అటువంటప్పుడు ఈ సంఘాన్ని స్థాపించినది వలసదారులేనని, మ్యూలెన్‌బర్గ్ వారు పిలిపించుకున్న ఉద్యోగి అని చెప్పడమే న్యాయం. మన ప్రాంతంలో కూడా ఇదే జరుగుతోంది. మొట్టమొదట విశ్వసించి, ఊరి నుంచి వెలివేతలకు గురై కూడా నిలబడిన పల్నాటి మాల కుటుంబాల ఊసు లేకుండా, మిషనరీల పేర్లతోనే సంఘ చరిత్రలు రాస్తున్నారు.

గుంటూరు_పాతూరు

పాఠకుడు గారూ, మీ చివరి మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. ఆ కుటుంబాల చరిత్ర రాయవలసిన బాధ్యత మన తరానిదే. అయితే మ్యూలెన్‌బర్గ్‌ను ఉద్యోగి అనడం మాత్రం ఒప్పుకోలేను. ఆయన వచ్చిన రోజున ఫిలడెల్ఫియా సంఘం ఏ స్థితిలో ఉందో చూడండి.

లూథరన్లు, రిఫార్మ్‌డ్ అనే మరో ప్రొటెస్టెంటు శాఖవారు కలిసి ఒక చెక్క కొట్టాన్ని అద్దెకు తీసుకుని వంతులవారీగా ఆరాధన చేసుకునేవారు. 1742 జూలైలో అక్కడ ప్రసంగిస్తున్న మొరేవియన్ బోధకుణ్ణి వేదిక మీద నుంచి లాగివేసేదాకా గొడవ ముదిరింది. లూథరన్లలో ఒక వర్గం జిన్జెన్‌డార్ఫ్‌ను తమ పాస్టరుగా ఒప్పుకుంది. మరో వర్గం వాలెంటిన్ క్రాఫ్ట్ అనే ఊరూరా తిరిగే బోధకుడి వెంట ఉంది. మ్యూలెన్‌బర్గ్ వస్తున్నట్టు అక్కడ ఎవరికీ కబురు లేదు. ఆయన తన నియామక పత్రాలను సంఘ పెద్దలకు చదివి వినిపించి, నెల తిరగకుండానే మూడు సంఘాల చేతా అంగీకార సంతకాలు చేయించుకున్నారు. డిసెంబరు 30న జిన్జెన్‌డార్ఫ్‌తో ముఖాముఖి జరిగింది. సంఘపు రిజిస్టరు, ప్రభు భోజనపు పాత్ర ఎవరి దగ్గర ఉండాలన్నది తగవు. పేర్లు, బాప్తిస్మాలు, వివాహాలు రాసి ఉన్న పుస్తకం ఎవరి చేతిలో ఉంటే సంఘం వారిది అన్నట్టే కనుక, వ్యవహారం నగర అధికారుల దాకా వెళ్లింది. జిన్జెన్‌డార్ఫ్ 1743 జనవరిలో ఐరోపాకు తిరిగి వెళ్లిపోయారు.

చీలికలై చెదిరిపోవలసిన జనాన్ని ఒక్కటిగా కూర్చి, ఆ తరువాత నలభై ఏళ్లకు పైగా గుర్రం మీద పెన్సిల్వేనియా, న్యూజెర్సీ, మేరీలాండ్‌ల దాకా తిరిగిన మనిషి ఆయన. సంఘస్థులు లేకపోతే సంఘం లేదు, నిజమే. ఆయన లేకపోతే మాత్రం ఆ మూడు సంఘాలు మూడు దారులు పట్టేవి. ట్రాప్ శాసనంలో అందరి పేర్లూ కలిపి చెక్కించిన ఆనాటి వారి తీర్పే నాకు సబబుగా తోస్తుంది.

చరిత్ర_విద్యార్థిని

ఈ వాదనకు 1762 చాలా ముఖ్యమైన సంవత్సరం. అప్పటి దాకా ఫిలడెల్ఫియా సంఘంలో పెద్దలు తమ స్థానంలో ఎవరు రావాలో తామే నిర్ణయించుకునేవారు. లెక్కలు అడిగే హక్కు సామాన్య సభ్యులకు లేదని అసంతృప్తి పెరిగి, సంఘం మళ్లీ చీలే పరిస్థితి వచ్చింది. అప్పుడు మ్యూలెన్‌బర్గ్, స్వీడిష్ లూథరన్ సంఘాల అధిపతి రాంగెల్ కలిసి ఒక నిబంధనావళి తయారుచేశారు. దాని ప్రకారం పెద్దలను సభ్యులే ఓటు వేసి ఎన్నుకోవాలి. పాస్టరు ఎంపికలోనూ సంఘానికి మాట ఉండాలి. జర్మనీలో రాజు గాని, జమీందారు గాని పాస్టరును నియమించే పద్ధతికి అలవాటుపడిన జనానికి ఇది చాలా పెద్ద మార్పు. అమెరికాలోని ఎన్నో లూథరన్ సంఘాలు ఆ నిబంధనావళినే నమూనాగా తీసుకున్నాయి.

నా దృష్టిలో ఈ సంఘం సాధించిన అన్నిటిలోనూ ఇదే గొప్పది. ఒకప్పుడు రేవులో అమ్ముడుపోయిన మనిషి, చాకిరీ కాలం తీరాక, అదే ఊళ్లో తన సంఘ పెద్దను ఓటు వేసి ఎన్నుకోగలిగాడు. అమెరికా రాజ్యాంగం రావడానికి ఇంకా పాతికేళ్లు ఉందనగా ఇది జరిగింది.

నిర్వాహకులు

చర్చ చక్కగా సాగుతోంది. పల్నాడు తొలి విశ్వాసుల చరిత్రకు వేరుగా చర్చ ప్రారంభిస్తే అందరికీ ఉపయోగం. ఇక్కడ ఫిలడెల్ఫియా సంఘం గురించే కొనసాగించవలసిందిగా మనవి.

స్కూల్‌కిల్_తీరం

ఫిలడెల్ఫియాలో సెయింట్ మైకేల్స్ చర్చి ఇరుకైపోవడంతో అదే సంఘం దగ్గరలోనే 1766లో మరో ఆలయం మొదలుపెట్టి 1769 జూన్‌లో ప్రతిష్ఠించింది. అదే సీయోను చర్చి. రాబర్ట్ స్మిత్ అనే ప్రసిద్ధ వాస్తుశిల్పి దాన్ని రూపొందించాడు. ఆనాటి ఉత్తర అమెరికా నగరాలలో అంత విశాలమైన సభా మందిరం మరొకటి లేకపోవడంతో, దేశ చరిత్రలోని కొన్ని పెద్ద ఘట్టాలు జర్మను వలసదారుల ఆ ఆలయంలో జరిగాయి. 1777లో బ్రిటిషు సైన్యం నగరాన్ని ఆక్రమించినప్పుడు దాన్ని సైనిక ఆసుపత్రిగా మార్చింది. 1781 అక్టోబరులో యార్క్‌టౌన్ వద్ద బ్రిటిషు సేనాని కార్న్‌వాలిస్ లొంగిపోయిన వార్త అందగానే కాంగ్రెసు సభ్యులు కృతజ్ఞతారాధనకు అక్కడికే నడిచి వెళ్లారు. తరువాత అయిదేళ్లకు గవర్నర్ జనరల్‌గా మన దేశానికి వచ్చిన కార్న్‌వాలిస్ ఆయనే. 1799 డిసెంబరు 26న జార్జి వాషింగ్టన్ సంస్మరణ సభ, హెన్రీ లీ ప్రసిద్ధ ప్రసంగం కూడా అక్కడే జరిగాయి.

అయితే సంఘస్థుల దృష్టిలో వీటన్నిటికంటే పెద్ద సంవత్సరం 1793 అయి ఉంటుంది. ఆ వేసవిలో పచ్చ జ్వరం ఫిలడెల్ఫియాను ఊడ్చిపెట్టింది. వెళ్లగలిగినవారంతా నగరం వదిలి వెళ్లారు. ప్రభుత్వమే దాదాపు ఖాళీ అయింది. సీయోను పాస్టరు హెల్ముత్ మాత్రం కదలలేదు. ఇంటింటికీ వెళ్లి రోగులను చూస్తూ, ప్రతి రోజూ ప్రార్థనలు జరుపుతూ ఉండిపోయారు. ఆయన సంఘంలోనే ఆరు వందల మందికి పైగా చనిపోయారు. ఆ విషాదం గడిచి ఏడాది తిరిగేసరికి, 1794 డిసెంబరు 26న, సీయోను చర్చి అగ్నికి ఆహుతైంది. డేవిడ్ టానెన్‌బర్గ్ నిర్మించిన అద్భుతమైన ఆర్గన్, పెట్టి నాలుగేళ్లు తిరిగీ తిరగకముందే, దానితో పాటే బూడిదైంది. అయినా 1796 నాటికి ఆ గోడల మీదే ఆలయాన్ని మళ్లీ నిలబెట్టారు.

చరిత్ర_విద్యార్థిని

మంటలను, జ్వరాన్ని తట్టుకున్న సంఘం ఆ తరువాత భాష దగ్గర చీలిపోయింది. అమెరికాలో పుట్టిన పిల్లలకు ఇంగ్లీషే అలవాటైంది. తమకు ఇంగ్లీషులో ఆరాధన, ఇంగ్లీషు మాట్లాడే పాస్టరు కావాలని ఒక వర్గం అడిగింది. వారికి నాయకుడు మరెవరో కాదు, మ్యూలెన్‌బర్గ్ పెద్ద కుమారుడు, విప్లవ యుద్ధంలో జనరల్‌గా పనిచేసిన పీటర్ మ్యూలెన్‌బర్గ్. జర్మనే ఉండాలన్న వర్గం హెల్ముత్ వెనుక నిలబడింది. మినిస్టీరియం కూడా 1805లో తాను జర్మను భాషా సంస్థగానే కొనసాగాలని తీర్మానించింది. 1806లో సంఘంలో ఓటింగు జరిగి స్వల్ప తేడాతో జర్మను పక్షం గెలిచింది. ఓడినవారు బయటకు వెళ్లి సెయింట్ జాన్స్ అనే ఇంగ్లీషు లూథరన్ సంఘాన్ని పెట్టుకున్నారు.

అంతటితో ఆగలేదు. పదేళ్ల తరువాత మళ్లీ ఇదే కోరిక తలెత్తినప్పుడు, ఇంగ్లీషును రానివ్వకుండా శరీరాలు, ప్రాణాలు ఒడ్డి అడ్డుకుంటామని కొందరు జర్మనులు రాసుకుని సంతకాలు చేశారు. ఆ రాత ఆధారంగా వారి మీద కుట్ర కేసు నడిచింది. 1816లో జ్యూరీ వారిని దోషులుగా తేల్చింది. ఒక ఆరాధన స్థలంలో ఏ భాష వాడాలన్న విషయం నేర న్యాయస్థానం వరకూ వెళ్లడం ఎంత బాధాకరమో ఆలోచించండి.

హెల్ముత్ వర్గాన్ని మూర్ఖులని కొట్టిపారేయడం మాత్రం తగదు. లూథరు చిన్న ప్రశ్నోత్తరి, కీర్తనలు, మరణశయ్య దగ్గర చెప్పుకునే వాక్యాలు, అన్నీ వారికి జర్మనులోనే వచ్చు. 1793లో మృత్యువు ముంగిట హెల్ముత్ వారికి ధైర్యం చెప్పినదీ ఆ భాషలోనే. దాన్ని వదులుకుంటే విశ్వాసమే వదులుతుందని వారు నిజంగా భయపడ్డారు.

పల్నాటి_పాఠకుడు

వారి భయం అర్థమవుతోంది, కాని దాని ఫలితం పిల్లల మీద పడింది. ఇంగ్లీషు మాత్రమే వచ్చిన యువకులు చాలామంది ఇతర శాఖల చర్చిలకు వెళ్లిపోయారని ఆ కాలం వారే రాసుకున్నారు. పెద్దలు తమ భాషను కాపాడుకునే ప్రయత్నంలో తమ బిడ్డలనే దూరం చేసుకున్నారు. అమెరికాలోని మన తెలుగు సంఘాలలో ఇదే సమస్య ఇప్పుడు కళ్ల ముందు కనబడుతోంది. పెద్దలకు తెలుగు కీర్తన లేనిదే ఆరాధన కాదు, పిల్లల సండే స్కూలు మొత్తం ఇంగ్లీషులో నడుస్తుంది. స్కూల్‌కిల్ గారి వంటివారు ఈ 1806 నాటి తగవును తమ సంఘాల్లో వివరిస్తే మేలు జరుగుతుంది. రెండు భాషల్లో రెండు ఆరాధనలు జరుపుకుంటూ ఒకే సంఘంగా ఉండే దారిని ఫిలడెల్ఫియా వారు ఎంచుకోలేదు. మనవారు ఎంచుకోవచ్చు.

గోదావరి_గట్టు

ఈ తగవు మధ్యలోకే హయ్యర్ గారు వచ్చారన్నది గమనించాలి. జర్మనీలోని హెల్మ్‌స్టెట్‌లో 1793 జూలై 10న పుట్టిన ఆయన, పద్నాలుగేళ్ల కుర్రవాడిగా 1807లో, అంటే సంఘం చీలిన మరుసటి సంవత్సరమే, ఫిలడెల్ఫియాలోని మేనమామ ఇంటికి చేరారు. సీయోను సంఘంలోనే పెరిగారు, హెల్ముత్ దగ్గరే వేదాంతం మొదలుపెట్టారు, సంఘపు బడిలో కొంతకాలం పాఠాలు చెప్పారు. జర్మను పక్షపు కోటలో తయారైన మనిషి. అయినప్పటికీ పెన్సిల్వేనియా కొండ ప్రాంతాలలోనూ పడమటి రాష్ట్రాలలోనూ వలసదారుల వెంట తిరిగిన రెండు దశాబ్దాలలో ఆయన గ్రహించినది వేరు. 1837లో పిట్స్‌బర్గ్‌లో ఆయన నెలకొల్పినది ఇంగ్లీషు లూథరన్ సంఘం. అయిదేళ్ల తరువాత గుంటూరులో, నలభై తొమ్మిదేళ్ల వయసులో, తెలుగు అక్షరాలు దిద్దుకోవడం మొదలుపెట్టారు. విద్యార్థిని గారు చెప్పిన కుట్ర కేసు నాటికి ఇరవై మూడేళ్ల యువకుడైన ఆయన, ఆ తగవును చూసిన తరువాతే భాష కన్నా మనుషులు ముఖ్యమన్న నిర్ణయానికి వచ్చి ఉంటారని నేను గట్టిగా నమ్ముతున్నాను.

మా రాజమండ్రి సంగతి కూడా చెప్పాలి. ఇక్కడ మిషను పెట్టినది అమెరికా వారు కాదు. ఉత్తర జర్మను మిషనరీ సొసైటీ తరఫున వాలెట్ 1845లో ప్రారంభించారు. ఆ సొసైటీ నడపలేకపోవడంతో కొన్నేళ్లకే అది అమెరికా లూథరన్ల చేతికి వచ్చింది. 1860లలో అమెరికా అంతర్యుద్ధం, దాని వెంటే లూథరన్ సమాఖ్యల చీలిక రావడంతో మనుషులు కరువయ్యారు, రాజమండ్రిని ఆంగ్లికన్ మిషనుకు అప్పగించేందుకు మాటలు సాగాయి. 1869లో రీడింగ్ పట్టణంలో పెన్సిల్వేనియా మినిస్టీరియం సమావేశమైనప్పుడు, డెబ్బై ఆరేళ్లు నిండబోతున్న హయ్యర్ గారు లేచి, అప్పగించవద్దని వేడుకుని, తానే వెళ్తానన్నారు. ఆ ఏడాదే బయలుదేరి వచ్చి, సుమారు ఏడాదికి పైగా ఇక్కడ ఉండి, తన తరువాత వచ్చినవారికి పని అప్పగించి వెళ్లారు. 1873 నవంబరు 7న ఫిలడెల్ఫియాలో, తాను కుర్రవాడిగా ఓడ దిగిన ఊళ్లోనే, కన్నుమూశారు. ఆ చీలిక కారణంగానే గుంటూరు ఒక సమాఖ్య కిందా, రాజమండ్రి మరో సమాఖ్య కిందా చాలాకాలం నడిచాయి. 1918లో అమెరికాలో ఆ సమాఖ్యలు కలిశాక, 1927లో ఇక్కడ ఆంధ్ర సువార్త లూథరన్ సంఘం ఏర్పడింది.

గుంటూరు_పాతూరు

గట్టు గారికి కృతజ్ఞతలు. రెండు మిషన్లు వేరువేరుగా ఎందుకు ఉండేవో మా సంఘంలో యువకులు తరచుగా అడుగుతారు. ఇప్పుడు వివరంగా చెప్పగలను. చివరిగా ఒక్క ప్రశ్న. హయ్యర్ గారు చదువుకున్న సీయోను చర్చి, సెయింట్ మైకేల్స్ చర్చి ఇప్పటికీ చూడడానికి ఉన్నాయా? వచ్చే ఏడాది మా బంధువులు ఫిలడెల్ఫియా వెళ్లబోతున్నారు.

స్కూల్‌కిల్_తీరం

పాతూరు గారూ, ఆ రెండు భవనాలూ ఇప్పుడు లేవు. పందొమ్మిదో శతాబ్దం రెండో సగంలో ఆ పేట అంతా వ్యాపార గిడ్డంగులతో నిండిపోవడంతో సంఘస్థులు ఇళ్లు మార్చుకుంటూ వెళ్లారు. సీయోను స్థలాన్ని అమ్మి వేరేచోట కొత్త ఆలయం కట్టుకున్నారు. సెయింట్ మైకేల్స్ చర్చిని 1870లలో పడగొట్టారు.

మీ బంధువులను మాత్రం ట్రాప్ తీసుకువెళ్లండి. ఫిలడెల్ఫియా నుంచి గంట ప్రయాణం. అగస్టస్ చర్చి 1967 నుంచి జాతీయ చారిత్రక కట్టడంగా గుర్తింపు పొందింది. సంఘం ఇప్పటికీ సజీవంగా ఉంది కనుక, లోపల చూడాలంటే కొత్త ఆలయంలోని కార్యాలయానికి ముందుగా ఫోను చేసి అడగడం మంచిది. గుంటూరు లూథరన్లమని చెప్పమనండి. హయ్యర్ గారి పేరు అక్కడి పెద్దవారు కొందరికి తెలుసు.